దమ్ము పట్టే అలవాటు స్కూబాలో ఎందుకు పనికిరాదు: నీళ్లలో ఊపిరితిత్తులను కాపాడుకునే పద్ధతి

బావిలోనో కాలువలోనో ఈత నేర్చుకున్నవాళ్లకు మొదట ఒంటబట్టే విద్య దమ్ము పట్టడం. గట్టు మీద నిండా గాలి పీల్చుకుని మునుగుతారు, పైకొచ్చాక వదులుతారు. ఆ మునకలో ఊపిరితిత్తులకు మామూలుగా ఏమీ కాదు. పైన పీల్చిన గాలి లోతుకు పోయేకొద్దీ నలిగి చిన్నదవుతుంది, తేలేసరికి మళ్లీ పాత కొలతకే వస్తుంది. అదే మనిషి అండమాన్‌లోనో రుషికొండ దగ్గరో స్కూబాకు, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోనే ఊపిరి పీలుస్తూ ఈదడానికి, దిగి, కంగారు పుట్టిన క్షణంలో పాత అలవాటుగా దమ్ము బిగబట్టి పైకి తన్నుకుంటే ఊపిరితిత్తి చినిగిపోవచ్చు. సిలిండరు నుంచి వచ్చిన గాలి ఆ లోతులోని ఒత్తిడితో లోపలికి చేరింది కాబట్టి, పైకి వచ్చేకొద్దీ అది ఉబ్బుతుంది.

లెక్క చూడండి. నీటి పైన ఒత్తిడి 1 బార్. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఇంకో బార్ కలుస్తుంది. మొదటిసారి స్కూబా చేసేవాళ్లను తీసుకెళ్లే గరిష్ఠ లోతు 12 మీటర్లు, అక్కడ 2.2 బార్. ఆ లోతులో 5 లీటర్ల గాలి పీల్చి బిగబట్టి పైకి వస్తే అది 11 లీటర్లు కావాలని చూస్తుంది. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో పట్టేదే మొత్తం 5, 6 లీటర్లు.

అందరూ పొరబడేది లోతు గురించే. 30 మీటర్ల నుంచి 20కి వచ్చేటప్పుడు గాలి మూడో వంతే పెరుగుతుంది, 10 మీటర్ల నుంచి పైకి వచ్చేటప్పుడు రెట్టింపవుతుంది. తక్కువ లోతే ఎక్కువ ప్రమాదం. ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి సుమారు మీటరుంపావు లోతు నుంచి బిగబట్టి లేచినా గాలిగదులు చినిగిన సందర్భాలు డైవింగ్ వైద్యంలో నమోదయ్యాయి. స్విమ్మింగ్ పూల్‌లో శిక్షణ ఇచ్చేటప్పుడు కూడా ఈ నియమానికి సడలింపు లేకపోవడం అందుకే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్నార్కెల్‌తో (నీటిపై గాలి పీల్చుకునే గొట్టంతో) మునక వేసినవాడు కింద ఉన్న స్నేహితుడి రెగ్యులేటర్ (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరం) నుంచి సరదాగా ఒక్క గుక్క గాలి పీల్చుకుని, తన అలవాటు ప్రకారం దమ్ము పట్టి పైకి వస్తే వాడికీ ఇదే జరుగుతుంది. ఆ సరదా ఎవరినీ చేయనివ్వకండి.

దిగే ముందు

డైవింగ్ సంస్థ మీ చేతికి ఆరోగ్య ప్రశ్నల పత్రం ఇస్తుంది. చాలాచోట్ల వాడే, 2020లో సవరించిన పత్రంలో మొదటి పేజీలో 10 ప్రశ్నలుంటాయి. ఏదైనా ఒక దానికి ‘ఔను’ అంటే, ప్రశ్నను బట్టి రెండో పేజీకో నేరుగా డాక్టరు సంతకానికో వెళ్లాలి. పత్రం ఇంగ్లిషులో ఉంటుంది, పడవ బయలుదేరబోతూ ఉంటుంది, డబ్బు ముందే కట్టేసి ఉంటారు. అందుకని అన్నిటికీ ‘లేదు’ అని గీసేస్తారు. అలా చేయకండి. ఆ పత్రాన్ని ప్రయాణానికి ముందే తెప్పించుకుని, ఇంట్లో కూర్చుని, అవసరమైతే డాక్టరు పక్కన ఉండగా నింపండి.

ఊపిరితిత్తుల విషయంలో దాచకూడనివి ఇవి. గతంలో దానంతట అది న్యుమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, వచ్చి ఉంటే స్కూబా ఆలోచనే మానుకోవాలి. ఆస్తమా ఉంటే అది ఎంత అదుపులో ఉందో స్పైరోమెట్రీ, అంటే ఊపిరి సత్తాను కొలిచే పరీక్ష, చేసి డాక్టరు చెప్పాలి. టీబీ వచ్చి తగ్గినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. మందులు పూర్తయినా ఊపిరితిత్తిలో మచ్చలో గుల్లలో మిగిలిపోవచ్చు. గుల్లలోకి వెళ్లిన గాలికి బయటికి వచ్చే దారి సన్నగా ఉంటే, మీరు సక్రమంగా ఊపిరి వదులుతున్నా సరే అక్కడ అది ఉబ్బి చించేస్తుంది. ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి, అనుమానం ఉంటే సీటీ స్కాన్. ఛాతీ ఆపరేషన్ అయినవాళ్లు, కోవిడ్‌లో ఆక్సిజన్ పెట్టించుకున్నవాళ్లు, ఏళ్లుగా సిగరెట్ తాగుతున్నవాళ్లు కూడా ముందే చూపించుకోవాలి. జలుబు చేసి కఫం పట్టి ఉంటే ఆ రోజుకి వద్దు. కఫం ముద్ద చిన్న శ్వాసనాళానికి బిరడాలా అడ్డుపడితే దాని వెనక గాలి చిక్కుకుంటుంది.

ఆపై పడవ గురించి. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పడవ మీద మెడికల్ ఆక్సిజన్ ఉందా, చూపిస్తారా? డైవింగ్ సిలిండర్లలో ఉండేది మామూలు గాలి, అది ఆక్సిజన్ కాదు. ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో లెక్కేయడం తేలిక. సిలిండరులో పట్టే నీటి కొలత 10 లీటర్లు, మీటరు 150 బార్ చూపిస్తుంటే 1500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు వాడితే 100 నిమిషాలు. అక్కడి నుంచి జెట్టీకి, జెట్టీ నుంచి ఆసుపత్రికి పట్టే సమయం కన్నా అది ఎక్కువ ఉండాలి. కోవిడ్ రోజుల్లో ఇళ్లలో వాడిన కాన్సన్‌ట్రేటర్ నిమిషానికి 5 లీటర్లో 10 లీటర్లో ఇస్తుంది, ముక్కు గొట్టాలతో 40 శాతం దాటడం కష్టం. ఇక్కడ కావాల్సింది సంచి ఉన్న నాన్-రీబ్రీతర్ మాస్క్, లేదా పీల్చినప్పుడే ఆక్సిజన్ వదిలే డిమాండ్ వాల్వ్. ఈ ప్రశ్నకు సమాధానం నసిగేవాళ్ల దగ్గర దిగకండి, ఎంత చవకైనా సరే.

నీళ్లలో

రెగ్యులేటర్ నోట్లో ఉన్నంతసేపూ పీలుస్తూ వదులుతూనే ఉండాలి. ఫొటో కోసం కూడా బిగబట్టకూడదు. మొదటిసారి దిగినవాళ్లు దమ్ము పట్టే సందర్భాలు దాదాపు ఎప్పుడూ ఇవే: మాస్కులోకి నీళ్లు రావడం, నోట్లోకి ఉప్పునీరు రావడం, దగ్గు. దగ్గు వస్తే రెగ్యులేటర్‌ను చేత్తో నోటికి ఒత్తిపట్టి దాంట్లోకే దగ్గండి. గాలి, తెమడ, నీళ్లు అన్నీ దాని కింది కవాటం నుంచి పోతాయి. రెగ్యులేటర్ నోట్లోంచి జారితే వెతుక్కుంటున్నంతసేపూ పెదవుల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూ ఉండండి. ఈ రెండూ నడుములోతు నీళ్లలో నాలుగైదుసార్లు చేయించకుండా లోతుకు తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. బొటనవేలు పైకెత్తితే అక్కడ ‘బాగున్నాను’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటకూడదు. 12 మీటర్ల నుంచి రావడానికి 80 సెకన్లు, మధ్యలో 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల ఆగుడు అదనం. చేతికి డైవ్ కంప్యూటర్ (లోతు, పైకి వచ్చే వేగం చూపే పరికరం) లేకపోతే మీరు వదిలిన అతి చిన్న బుడగలను దాటి పైకి పోకండి.

శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రెండు ఆపదలు తెలిసి ఉండాలి. ఒకటి, తేలడానికి వేసుకునే జాకెట్‌లోకి గాలి నింపే మీట ఇరుక్కుపోయి అది దానంతట అదే ఉబ్బడం. వెంటనే ఆ సన్న గొట్టాన్ని ఊడబీకి, గాలి వదిలే మీటను పైకెత్తి నొక్కిపెట్టండి. అయినా పైకి లాక్కుపోతుంటే చేతులూ కాళ్లూ చాపి అడ్డంగా పరుచుకోండి, నీటి నిరోధంతో వేగం తగ్గుతుంది. ఈ మొత్తంలో ఊపిరి వదలడం మాత్రం ఆగకూడదు. రెండోది గాలి అయిపోవడం. ముందు తోటి డైవర్ అదనపు రెగ్యులేటర్ అందుకోండి. ఎవరూ అందుబాటులో లేక, 6 నుంచి 9 మీటర్ల లోపు ఉంటే మాత్రమే సొంతంగా ఈదుకుంటూ రండి. రెగ్యులేటర్ నోట్లోనే ఉంచాలి, ఎందుకంటే పైకి వచ్చేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గి సిలిండరు అడుగున మిగిలింది కొద్దిగా వస్తుంది. తల పైకెత్తి, ‘ఆ...’ అని సాగదీస్తూ రావాలి. గొంతు పలుకుతుందంటే గాలి దారి తెరిచి ఉన్నట్టే. అలాగని కిందే ఊపిరితిత్తులు పూర్తిగా ఖాళీ చేసేయకండి. పూర్తిగా వదిలేస్తే చిన్న నాళాలు మూసుకుపోయి వాటి వెనక గాలి చిక్కుతుంది. మెల్లగా, ఎడతెగకుండా వదలడమే పద్ధతి.

చినిగితే ఏం కనిపిస్తుంది

చినిగిన గాలిగది నుంచి బయటపడ్డ గాలి ఎటు పోయిందన్న దాన్నిబట్టి లక్షణాలు ఉంటాయి. ఊపిరితిత్తి చుట్టూ చేరితే ఒకవైపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, పీల్చినప్పుడు ఎక్కువ, ఆయాసం. ఛాతీ మధ్యకు చేరితే రొమ్ము ఎముక వెనక బరువు, గొంతు మారడం, ముక్కుతో మాట్లాడుతున్నట్టు ఉండటం. మెడ చర్మం కిందికి పాకితే అక్కడ వాపు, వేలితో నొక్కితే మరమరాలు నలిగినట్టు చప్పుడు.

వీటన్నిటికన్నా భయపడాల్సింది గాలి రక్తంలోకి దూరి మెదడుకు చేరడం. పైకి వచ్చీ రాగానే, చాలావరకు 10 నిమిషాల లోపే, స్పృహ తప్పడం, ఒక చెయ్యీ కాలూ పడిపోవడం, చూపు మసకబారడం, మాట తడబడటం, మూర్ఛ కనిపిస్తాయి. నోట్లో నెత్తుటి నురగ కూడా ఉండొచ్చు. ఛాతీ నొప్పి ఏమీ లేకుండానే ఇది రావచ్చు. ‘ఎండకు కళ్లు తిరిగాయి, పొద్దున ఏమీ తినలేదు కదా’ అని పక్కవాళ్లు సర్దిచెప్పేది సరిగ్గా ఈ పది నిమిషాల్లోనే. సిలిండరు గాలి పీల్చి పైకొచ్చిన మనిషికి ఆ పది నిమిషాల్లో నరాల లక్షణం ఏది కనిపించినా, వేరే కారణమని తేలేదాకా అది మెదడుకు చేరిన గాలే అనుకుని నడుచుకోవాలి.

పడవ మీద చేయాల్సినవి, వరుసగా:

1. నీళ్లలోంచి తీసి వెల్లకిలా పడుకోబెట్టండి. తల కిందికి, కాళ్లు పైకి పెట్టమని పూర్వం చెప్పేవారు. మెదడు వాపు పెరుగుతుందని ఇప్పుడు ఆ పద్ధతి మానేశారు. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే, లేదా వాంతి చేసుకుంటుంటే, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. స్పృహలో ఉండి, నరాల లక్షణాలు లేకుండా ఆయాసం మాత్రమే ఉంటే తనకు సుఖంగా ఉన్నట్టు కూర్చోనివ్వండి.

2. ఊపిరి లేకపోతే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టండి. ఊపిరి ఉంటే ఆక్సిజన్ నిమిషానికి 15 లీటర్లు. మాస్కు సంచిని ముందు వేలితో మూసి నిండా ఉబ్బనిచ్చి, ఆ తర్వాత ముఖానికి పెట్టి పట్టీ బిగించండి. పీల్చినప్పుడు సంచి పూర్తిగా చప్పబడిపోతే ధార చాలడం లేదన్నమాట. బాగుందన్నా తీసేయకండి. సిలిండరు దగ్గర సిగరెట్ వద్దు, నూనె, సన్‌స్క్రీన్ అంటిన చేతులతో దాని బిగింపులు ముట్టుకోవద్దు.

3. 108కి, సముద్రంలో సాయం కావాలంటే కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేయండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అత్యవసర నంబరు +1-919-684-9111, సభ్యత్వం లేకపోయినా డైవింగ్ వైద్యం తెలిసినవాళ్లు సలహా ఇస్తారు.

4. మళ్లీ నీళ్లలోకి దించి ‘సరిచేద్దాం’ అనుకోకండి. మద్యం, సారా ఇవ్వకండి. తడిబట్టలు తీసి పొడిగా కప్పండి.

5. గరిష్ఠ లోతు, నీళ్లలో ఉన్న నిమిషాలు, పైకి ఎలా వచ్చారు, తేలిన సమయం, లక్షణం మొదలైన సమయం కాగితం మీద రాసి రోగితోపాటే పంపండి. డైవ్ కంప్యూటర్‌ను కూడా పంపండి.

ఆక్సిజన్ పెట్టిన అరగంటకు మనిషి లేచి కూర్చుని మామూలుగా మాట్లాడొచ్చు. అక్కడితో ప్రయాణం ఆపేస్తే ఘోరం జరుగుతుంది. మెదడులో గాలి అడ్డుపడి తొలగిన చోట వాపు వచ్చి గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టడం తెలిసిన సంగతే. రీకంప్రెషన్ చాంబర్, అంటే మళ్లీ ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది, ఉన్న చోటికి చేరాల్సిందే. అండమాన్‌లో అయితే అది శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)లోని నౌకాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. ధన్వంతరి. చాంబర్‌లో సాధారణంగా వాడే అమెరికా నౌకాదళపు 6వ చికిత్స పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతుతో సమానమైన ఒత్తిడిలో ఆక్సిజన్ పీల్పిస్తూ మొదలుపెడతారు, మొత్తం 4 గంటల 45 నిమిషాలు పడుతుంది.

మామూలు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఇలాంటి కేసు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. మీరే గుర్తుచేయండి. చాంబర్‌కు పంపే ముందు ఛాతీ ఎక్స్‌రేనో అల్ట్రాసౌండో తీసి న్యుమోథొరాక్స్ ఉందో లేదో చూడాలి. ఉంటే ముందే ఛాతీలోకి గొట్టం వేయాలి, లేకపోతే చాంబర్ ఒత్తిడి తగ్గించేటప్పుడు ఆ గాలి ఉబ్బి గుండెను నొక్కేస్తుంది. నొప్పి తగ్గడానికి నైట్రస్ ఆక్సైడ్ కలిసిన వాయువు ఇవ్వకూడదు, అది చిక్కుకున్న గాలిలోకి చొరబడి దాన్ని పెంచుతుంది. హెలికాప్టర్‌లో తరలిస్తే 300 మీటర్ల ఎత్తు దాటకుండా ఎగరాలి, విమానమైతే లోపలి ఒత్తిడి నేలమట్టంతో సమానంగా ఉంచాలి.

ఏ ఇబ్బందీ లేనివాళ్లకు కూడా విమానం గడువు ఉంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే 18 గంటలు ఆగాలి. సాయంత్రం ఫ్లైట్ పెట్టుకుని పొద్దున డైవ్ చేసేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఈదుతుండగానే ఊపిరాడకపోతే

ఇది పూర్తిగా వేరే జబ్బు, జాగ్రత్తగా వేరుచేసి చూడాలి. ట్రయథ్లాన్‌లలో (ఈత, సైకిల్, పరుగు కలిసిన పందేల్లో), సముద్రంలో దూరం ఈదేవాళ్లలో, ఒక్కోసారి స్కూబాలో కూడా ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. అది మింగిన నీరు కాదు, సొంత రక్తనాళాల నుంచి ఊరిన ద్రవం. మెడ దాకా నీళ్లలో మునిగితే కాళ్ల నుంచి దాదాపు 700 మిల్లీలీటర్ల రక్తం ఛాతీలోకి నెట్టబడుతుంది. దానికి చల్లని నీళ్లు, ఒంటికి బిగిసిన వెట్‌సూట్ (ఈతకు వేసుకునే రబ్బరు దుస్తులు), పందెం ముందు అతిగా తాగిన నీళ్లు, తీవ్రమైన శ్రమ, రక్తపోటు తోడైతే ఊపిరితిత్తుల సన్న నాళాల్లో ఒత్తిడి పెరిగి ద్రవం కారుతుంది. 1989లో బ్రిటిష్ వైద్యుడు విల్మ్స్‌హర్స్ట్ బృందం దీన్ని డైవర్లలో, ఈతగాళ్లలో వర్ణించింది.

గుర్తుపట్టడానికి ఒకే ప్రశ్న చాలు: ఎప్పుడు మొదలైంది? పైకి వస్తుండగా లేదా వచ్చాక మొదలైతే చినుగు అనుకోవాలి. ఇంకా ఈదుతుండగానో, అడుగున ఉండగానో మొదలైతే ఈ నీరు. శ్రమకు మించిన ఆయాసం, తగ్గని దగ్గు, గులాబీ రంగు నురగ, లోపల బుడబుడమని చప్పుడు. ‘పందెం కదా, కాస్త ఓర్చుకుందాం’ అనుకుని ఈదేకొద్దీ పెరుగుతుంది. వెంటనే చెయ్యెత్తి సాయం పిలవండి. బయటికి తీసి, వెట్‌సూట్ జిప్ విప్పి, వెచ్చగా కప్పి, నిటారుగా కూర్చోబెట్టండి. ఇక్కడ పడుకోబెడితే ఆయాసం ఎక్కువవుతుంది. ఆక్సిజన్ ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎక్కువమందికి 24 నుంచి 48 గంటల్లో తగ్గిపోతుంది. కానీ మళ్లీ వచ్చే అవకాశం గట్టిగా ఉంటుంది కాబట్టి బీపీ కొలిపించి, గుండెకు ఎకో తీయించకుండా తర్వాతి పందేనికి పేరు ఇవ్వొద్దు. నీళ్లు వెచ్చగా ఉన్నాయని గోవాలోనో చెన్నైలోనో దీన్ని కొట్టిపారేయకండి. పందెం ముందు లీటర్ల కొద్దీ నీళ్లు తాగకండి, దాహానికి సరిపడా తాగండి, వెట్‌సూట్ ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉండాలి.

సిలిండరు లేకుండా దమ్ము మీదే లోతుకు దిగేవాళ్లకు గాలి ఉబ్బే ప్రమాదం లేదు గానీ, లోతులో ఊపిరితిత్తి మరీ నలిగి రక్తం కారవచ్చు. 2013 నవంబరులో బహమాస్‌లోని డీన్స్ బ్లూ హోల్‌లో 72 మీటర్లకు ప్రయత్నించిన అమెరికన్ ఫ్రీడైవర్ నికొలస్ మెవోలి ఊపిరితిత్తుల గాయంతోనే చనిపోయాడు. పైకొచ్చాక దగ్గులో నెత్తురు చార కనిపిస్తే ఆ రోజుకు, ఆ వారానికి డైవింగ్ ఆపి ఛాతీ వైద్యుణ్ణి కలవాలి. లోతు పెంచేటప్పుడు మీటరు మీటరుగా పెంచండి. అడుగున మెడ వెనక్కి వంచి పైకి చూడకండి, చేతులు పైకి చాపకండి. నలిగి ఉన్న ఛాతీని సాగదీస్తే చినిగేది అప్పుడే.

క్వారీ గుంతల్లోకి దూకేవాళ్లకు ఒక్క మాట. 10 మీటర్ల ఎత్తు నుంచి పడ్డ మనిషి నీటిని తాకే వేగం గంటకు 50 కిలోమీటర్లు. ఛాతీ పరిచి పడితే ఊపిరితిత్తి కమిలిపోతుంది. ఆ కమిలిన గాయం మొదట ఏమీ చెప్పదు, ఒకటి రెండు రోజుల్లో ఆయాసం పెరుగుతుంది. ‘ఎముక విరగలేదు’ అన్న ఎక్స్‌రే మాటతో ఇంటికి పంపినా, రాత్రి ఊపిరి కష్టమైతే మళ్లీ వెళ్లాలి.

మునిగిపోయిన మనిషిని ఒడ్డుకు చేర్చాక కడుపు నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. అలా వచ్చేది కడుపులోని నీరు, అది వాంతిగా ఊపిరితిత్తుల్లోకి దూరుతుంది. ఆ నిమిషాల్లో కావాల్సింది గాలి. గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో ముందుగా 5 ఊపిర్లు ఇవ్వండి, ఛాతీ లేస్తుందో లేదో చూడండి. స్పందన లేకపోతే ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు, 2 ఊపిర్లు, ఇలా ఆపకుండా 108 వచ్చేదాకా. నోటి నిండా నురగ వస్తుంటే దాన్ని తుడుస్తూ కూర్చోకండి, వస్తూనే ఉంటుంది, దాని మీదుగానే ఊపిరి ఊదండి. తేరుకుని కూర్చున్నా దగ్గు, నురగ, ఆయాసం ఉంటే ఆసుపత్రిలో కనీసం 6 నుంచి 8 గంటలు ఉంచి చూడాలి.